అజిలెంట్ 7100 సీఈ: హెచ్‌పీఎల్‌సీలో చేయి తిరిగినవాళ్లే ఎక్కువ తడబడే యంత్రం

అజిలెంట్ 7100 ఒక కెపిల్లరీ ఎలక్ట్రోఫోరెసిస్ (సీఈ) యంత్రం, అంటే సన్నని గొట్టంలో వోల్టేజితో అణువులను విడదీసేది. పైపైన చూస్తే ఇది హెచ్‌పీఎల్‌సీకి, అంటే ద్రవాన్ని పంపుతో కాలమ్ గుండా తోసి అణువులను విడదీసే యంత్రానికి, తమ్ముడే అనిపిస్తుంది. సాంపిళ్లు పెట్టే ట్రే ఉంది, అణువులు కాంతిని పీల్చుకోవడాన్ని పట్టే డయోడ్ అరే డిటెక్టర్ ఉంది, తెర మీద వరసగా పీకులు (ఒక్కో పదార్థం దాటినప్పుడు గీత లేచే శిఖరాలు) వస్తాయి. చిక్కంతా ఈ పోలికతోనే. లోపల పంపూ లేదు, కాలమూ లేదు. వెంట్రుకలాంటి సిలికా గొట్టం (కెపిల్లరీ) ఒకటి, దాని రెండు కొసలూ మునిగే రెండు బఫర్ వయల్స్ (పీహెచ్‌ను నిలిపే ద్రావణం ఉన్న చిన్న సీసాలు), వాటి మధ్య 30 కిలోవోల్టుల దాకా వోల్టేజి. ఇంతే. ఈ యంత్రం మంచిచెడ్డలు తూచాలంటే ముందు ఆ గొట్టం లెక్కలు తెలియాలి.

మామూలుగా వాడే కెపిల్లరీ లోపలి వ్యాసం 50 మైక్రోమీటర్లు, మొత్తం పొడవు 64.5 సెంటీమీటర్లు. మొదటి కొస నుంచి డిటెక్టర్ కిటికీ దాకా 56, అక్కడి నుంచి చివరి కొసకు 8.5. మొత్తం గొట్టంలో పట్టే ద్రవం సుమారు 1.27 మైక్రోలీటర్లు. 50 మిల్లీబార్ ఒత్తిడితో 5 సెకన్లు ఇంజెక్ట్ చేస్తే, 25 డిగ్రీల దగ్గర నీటిలాంటి సాంపిల్‌కైతే, లోపలికి వెళ్లేది 6.7 నానోలీటర్లు. గొట్టంలో అది ఆక్రమించే పొడవు మూడున్నర మిల్లీమీటర్లు కూడా ఉండదు. రక్తపు చుక్కో, కంటి నీరో, ఒక్క కణం నుంచి తీసిన ద్రవమో తప్ప చేతిలో ఏమీ లేనివాళ్లకు ఇది వరం. మోతాదు పెంచితే పీకు పెరుగుతుందని అలవాటు పడ్డవాళ్లకు ఇదే గోడ. సాంపిల్ ముక్క గొట్టం పొడవులో ఒకటి రెండు శాతం దాటిందంటే పీకులు ఒకదాని మీద ఒకటి పడటం మొదలవుతుంది.

ముందు మెచ్చుకోవాల్సింది క్యాసెట్‌ని. కెపిల్లరీని చుట్టి, కిటికీని అలైన్‌మెంట్ ముక్కలో కూర్చోబెట్టి, మూత వేస్తే పని అయిపోయింది. చేయి అలవాటైతే పది నిమిషాల పని. సైయెక్స్ పీఏ 800 ప్లస్ లాంటి యంత్రాల్లో గొట్టం చుట్టూ ద్రవం ప్రవహించి చల్లబరుస్తుంది. వేడిని లాగేయడంలో అదే మెరుగు, కానీ కెపిల్లరీ మార్చడం పెద్ద తంతు. 7100లో చల్లబరిచేది గాలి. పద్ధతి తయారుచేసే దశలో రోజుకు రెండు మూడు రకాల గొట్టాలు మార్చే ల్యాబుకు గాలి క్యాసెటే సుఖం. వారాల తరబడి ఒకే పద్ధతిని ఎక్కువ ఉప్పున్న బఫర్‌తో నడిపేవాళ్లకు ద్రవం మేలు.

గాలితో చల్లబరిచే యంత్రంలో వోల్టేజిని కళ్లు మూసుకుని 30కి పెట్టకూడదు. కొత్త బఫర్ కలిపిన ప్రతిసారీ 5 కిలోవోల్టుల నుంచి 30 దాకా అయిదేసి చొప్పున పెంచుతూ, ఒక్కో మెట్టు దగ్గర కరెంటు రాసుకుని గీత గీయాలి. గీత తిన్నగా ఉన్నంతవరకు వేడి బయటికి పోతున్నట్టు. ఎక్కడ పైకి వంగుతుందో అక్కడి నుంచి గొట్టం లోపల బఫర్ వేడెక్కుతోంది, స్నిగ్ధత తగ్గుతోంది, పీకులు వెడల్పవుతున్నాయి. ఆ వంపుకు ఒక మెట్టు కింద ఆగాలి. ఇంకో జాగ్రత్త: వోల్టేజిని ఒక్కసారిగా ఇవ్వకుండా 0.3 నుంచి 0.5 నిమిషాల్లో మెల్లగా ఎక్కించాలి. లేదంటే ద్రవం వేడికి వ్యాకోచించి, అప్పుడే ఇంజెక్ట్ చేసిన సాంపిల్లో కొంత వెనక్కి వయల్లోకి కారిపోతుంది. పీకుల ఏరియాలు (గీత కింది వైశాల్యాలు) రన్నుకీ రన్నుకీ కలవకపోవడానికి ఇదొక కారణం. ఇంజెక్షన్ తర్వాత అదే వైపు నుంచి కొద్దిగా బఫర్‌ను కూడా తోస్తే ఇంకా భద్రం.

ఇక గొట్టాన్ని కోయడం. ఇక్కడ ఓపిక లేనివాళ్లకు ఏ యంత్రం ఇచ్చినా ఒకటే. పైన ఉన్న పాలీఇమైడ్ పూత మీద సిరామిక్ బ్లేడుతో చిన్న గీత పెట్టి, నిలువుగా లాగి విరవాలి. నొక్కి కోస్తే కొస పళ్లు పళ్లుగా విరుగుతుంది. ఆ గరుకు అంచుల మధ్య మిగిలిన సాంపిల్ తర్వాత మెల్లగా లోపలికి జారుతుంది, పీకుకు తోక వస్తుంది. కాలమ్ పాడైందనుకునే హెచ్‌పీఎల్‌సీ మనసుకు ఈ తోక గొట్టం కొసలో పుట్టిందని తట్టదు. భూతద్దం కింద రెండు కొసలూ చూశాకే క్యాసెట్ మూయాలి. కిటికీ దగ్గర 2, 3 మిల్లీమీటర్ల పూతను కాల్చి, మసిని ఐసోప్రొపనాల్‌తో తుడవాలి. ఆ తర్వాత అక్కడ వేలు తగలనీయొద్దు. పూత లేని సిలికా గాజుకన్నా అన్యాయం, వంచితే చాలు, టప్పున విరిగిపోతుంది. కిటికీ కాల్చి పెట్టిన కెపిల్లరీలు కూడా దొరుకుతాయి. కొత్తవాళ్లు వాటితో మొదలుపెడితే నష్టం తక్కువ.

లోపల పూతలేని కొత్త కెపిల్లరీకి 1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ 20 నిమిషాలు, నీళ్లు 10, రన్ బఫర్ 20 పట్టించాలి. రన్నుకూ రన్నుకూ మధ్య 0.1 మోలార్‌ది 2 నిమిషాలు, నీళ్లు, ఆపై బఫర్. చాలామంది పొరపాటు పడేది నిమిషాల దగ్గర. ఈ యంత్రం ఫ్లష్ ఒత్తిడి సుమారు ఒక బార్. పైన చెప్పిన 64.5 సెంటీమీటర్ల గొట్టంలో ఆ ఒత్తిడికి ఒకసారి ద్రవం పూర్తిగా మారడానికే 50 సెకన్లు దగ్గర దగ్గర పడుతుంది. అంటే ఒక్క నిమిషం ఫ్లష్ పెట్టినవాళ్లు గొట్టాన్ని కడగలేదు, పాతదాన్ని బయటికి నెట్టి కొత్తదాన్ని నింపారంతే. బఫర్‌కు కనీసం 3 నిమిషాలు ఇస్తే మూడు గొట్టాల ద్రవం దాటుతుంది, పీకుల సమయాలు నిలబడతాయి. సమయాలు రోజంతా ఒకే దిక్కుకు జరుగుతూ పోతుంటే గోడకు ఆవేశాన్నిచ్చే సిలనాల్ సమూహాలు ఇంకా కుదురుకోలేదని, లేదా సాంపిల్లోని ప్రొటీన్ గోడకు పడుతోందని అర్థం.

ప్రొటీన్ సంగతి దగ్గరగా చూద్దాం. లైసోజైమ్‌ను తీసుకోండి, ఐసోఎలక్ట్రిక్ పాయింట్ (నికర ఆవేశం సున్నా అయ్యే పీహెచ్) 11 చుట్టూ ఉంటుంది. పీహెచ్ 7 ఫాస్ఫేట్ బఫర్‌లో అది ధనావేశంతో ఉంటుంది, సిలికా గోడ రుణావేశంతో. రెండూ అంటుకుపోతాయి. తెర మీద కనిపించేది పొట్టి పీకు, దాని వెనక పెద్ద తోక. కొన్నిసార్లు అదీ రాదు. అదే ప్రొటీన్‌ను 50 మిల్లీమోలార్ ఫాస్ఫేట్, పీహెచ్ 2.5లో నడిపితే గోడ ఆవేశం దాదాపు చచ్చిపోతుంది, పీకు చాలావరకు తిన్నగా నిలబడుతుంది. లోపల పాలీవినైల్ ఆల్కహాల్ పూసిన కెపిల్లరీకి మారితే ఇంకా సన్నగా వస్తుంది. పూతతో ఎలక్ట్రోఆస్మాటిక్ ప్రవాహం (గోడ ఆవేశం వల్ల ద్రవమంతా కదలడం) కూడా పోతుంది కాబట్టి రుణావేశమున్న అణువులేవీ ఆ పోలారిటీలో (వోల్టేజి దిక్కులో) డిటెక్టర్ దాకా రావు. వాటి కోసం పోలారిటీ తిప్పాల్సిందే. పూత గొట్టంలోకి పొరపాటున కూడా సోడియం హైడ్రాక్సైడ్ పోనివ్వకూడదు. మెథడ్ ఫైలు కాపీ చేసుకుని పాత కాస్టిక్ ఫ్లష్‌ను తీసేయడం మరిచిపోతే ఖరీదైన కెపిల్లరీ ఒక్క రన్‌లో మామూలు సిలికా అయిపోతుంది.

డిటెక్టర్ గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి. డయోడ్ అరే 190 నుంచి 600 నానోమీటర్ల దాకా చూస్తుంది. 200 నానోమీటర్ల దగ్గర పెప్టైడ్ బంధాన్ని పట్టగలగడం దీని బలం. కానీ కాంతి దాటే దారి 50 మైక్రోమీటర్లే. హెచ్‌పీఎల్‌సీలో సాధారణంగా ఉండే 10 మిల్లీమీటర్ల సెల్‌తో పోలిస్తే 200 రెట్లు తక్కువ. అందుకే గాఢత పరంగా సున్నితత్వం తక్కువ, ఎన్ని అణువులు పట్టిందన్న లెక్కలో మాత్రం గొప్ప. కిటికీ దగ్గర బుడగలా ఉబ్బించిన కెపిల్లరీ తీసుకుంటే దారి మూడు రెట్లవుతుంది. 50 మైక్రోమీటర్ల గొట్టానికి 150. విడిగా అమ్మే హై సెన్సిటివిటీ సెల్‌లో దారి 1.2 మిల్లీమీటర్లు. రక్తంలో అతి తక్కువగా ఉండే వాటిని యూవీతో చూడాలని దీన్ని కొనడం మాత్రం దండగ.

ఆ లోటును సాంపిల్ తయారీతో కొంత పూడ్చుకోవచ్చు. సాంపిల్‌ను రన్ బఫర్‌కన్నా పదింతలు పలచని ద్రవంలో కరిగిస్తే, ఆ ముక్కలో విద్యుత్ క్షేత్రం ఎక్కువై అయాన్లు వేగంగా కదిలి బఫర్ సరిహద్దు దగ్గర గుమికూడతాయి. స్టాకింగ్ అంటే ఇదే. జీవ సాంపిళ్లతో వచ్చే తంటా ఏమిటంటే అవి ఉప్పులో వస్తాయి. జీవ సాంపిళ్లకు మామూలుగా వాడే ఫాస్ఫేట్ ఉప్పునీటి బఫర్ పీబీఎస్‌లో 137 మిల్లీమోలార్ సోడియం క్లోరైడ్ ఉంటుంది. దాన్ని నేరుగా 20 మిల్లీమోలార్ బోరేట్‌లోకి ఇంజెక్ట్ చేస్తే కథ తిరగబడి, పీకు సన్నబడాల్సింది పోయి పరుచుకుంటుంది. ప్రొటీన్లయితే 10 కిలోడాల్టన్ల స్పిన్ ఫిల్టర్‌లో పలచని బఫర్‌తో రెండు మూడు సార్లు కడగాలి. ప్లాస్మాలోని చిన్న అణువులకైతే ఒక వంతు ప్లాస్మాకు రెండు వంతుల ఎసిటోనైట్రైల్ కలిపి, సెంట్రిఫ్యూజ్ చేసి, పైతేటను నేరుగా పెట్టొచ్చు. ప్రొటీన్లు పోతాయి, మిగిలిన ఉప్పు ఎసిటోనైట్రైల్ పక్కన ఉండి స్టాకింగ్‌కే పనికొస్తుంది. ఒక్క రాయికి రెండు పిట్టలు.

ఏరియాల లెక్కలో హెచ్‌పీఎల్‌సీ అలవాటు మళ్లీ దెబ్బ కొడుతుంది. అక్కడ అన్నీ ఒకే వేగంతో డిటెక్టర్ దాటుతాయి. ఇక్కడ ఒక్కో అణువుది ఒక్కో వేగం. 5 నిమిషాలకు వచ్చేదానికన్నా 10 నిమిషాలకు వచ్చేది సగం వేగంతో కిటికీ దాటుతుంది కాబట్టి, గాఢత ఒకటే అయినా ఏరియా రెండింతలు కనిపిస్తుంది. ప్రతి ఏరియానూ దాని మైగ్రేషన్ సమయంతో (డిటెక్టర్ దాకా రావడానికి పట్టిన సమయంతో) భాగించి రిపోర్టు రాయాలి. స్వచ్ఛత శాతాలను భాగించకుండా వేస్తే ఆలస్యంగా వచ్చే మలినం లేనంత ఎక్కువ కనిపిస్తుంది.

యాభై స్థానాల ట్రే బాగుంది. బఫర్‌ను తనే ఖాళీ చేసి తనే నింపే ఏర్పాటు ఇంకా బాగుంది. కరెంటు నడిచేకొద్దీ రెండు వయల్స్‌లోనూ విద్యుద్విశ్లేషణ జరిగి ఒకవైపు ఆమ్లం, ఒకవైపు క్షారం పేరుకుంటుంది. అయిదారు రన్నులకొకసారి బఫర్ మారిస్తే సరి. రెండు వయల్స్‌లో మట్టం సమానంగా ఉండాలి, లేకపోతే సైఫన్‌లా ద్రవం మెల్లగా ఒకవైపు జారుతుంది. 75 మైక్రోమీటర్ల గొట్టాల్లో ఇది బాగా తెలుస్తుంది. వయల్‌ను మెడ దాకా నింపొద్దు. మూత లోపలి భాగం తడిస్తే ఒత్తిడి గొట్టాల్లోకి ద్రవం ఎక్కుతుంది. పాలీయూరిథేన్ మూతలను పదేపదే వాడటం పొదుపు కాదు. గుచ్చిన చోట సాగి, ఒత్తిడి నిలవక, ఇంజెక్షన్ మోతాదు తప్పుతుంది. ట్రేను చల్లగా ఉంచాలంటే బయటి నుంచి వాటర్ బాత్ తగిలించాల్సి రావడం మాత్రం చిరాకే. రాత్రంతా నడిచే ఎంజైమ్ సాంపిళ్లకు అది లేకుండా కుదరదు.

ఎలక్ట్రోడ్, మూతను గుచ్చే ప్రీపంచర్, ఈ రెండిటి చుట్టూ ఉప్పు తెల్లగా పేరుకుంటుంది. వారం వారం చూసి, విప్పి, నీళ్లలోనూ ఐసోప్రొపనాల్‌లోనూ అల్ట్రాసోనిక్ బాత్‌లో పెట్టి, పూర్తిగా ఆరాకే బిగించాలి. తడి మీద బిగిస్తే 30 కిలోవోల్టులు గొట్టంలోంచి కాక ఆ ఉప్పు మీదుగా దారి వెతుక్కుంటాయి, లీకేజి కరెంటు ఎర్రర్ వస్తుంది.

అణువుల ద్రవ్యరాశి కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్‌కు తగిలించే షీత్ లిక్విడ్ స్ప్రేయర్ (కెపిల్లరీ కొస చుట్టూ వేరే ద్రవం కలిపి తుంపరగా చిమ్మేది) ఈ యంత్రం కొనడానికి అసలు కారణం కావచ్చు. అజిలెంట్ స్ప్రేయర్ సూది గ్రౌండ్‌లో ఉంటుంది కాబట్టి కెపిల్లరీ వోల్టేజి, స్ప్రే వోల్టేజి కొట్టుకోవు. షీత్ లిక్విడ్‌గా ఐసోప్రొపనాల్, నీళ్లు సమపాళ్లలో, 0.1 శాతం ఫార్మిక్ ఆమ్లంతో నిమిషానికి 4 మైక్రోలీటర్లు, కెపిల్లరీ లోపల బఫర్‌గా 1 మోలార్ ఫార్మిక్ ఆమ్లం: మెటబొలైట్లకు, పెప్టైడ్లకు మొదలుపెట్టడానికి ఇది చాలు. ఫాస్ఫేట్, బోరేట్ ఇక్కడ నిషిద్ధం. కెపిల్లరీ కొస స్ప్రేయర్ బయటికి 0.1 మిల్లీమీటరు మాత్రమే కనిపించాలి. తుంపర చేసే నెబ్యులైజర్ గ్యాస్ గొట్టంలోని ద్రవాన్ని పీలుస్తుంది కాబట్టి ఇంజెక్షన్ సమయంలో ఆపాలి. క్యాసెట్ దాటి స్ప్రేయర్ దాకా పోయే గొట్టం భాగానికి ఉష్ణోగ్రత నియంత్రణ ఉండదు. గది ఏసీ ఆగిన రోజు సమయాలు జరగడానికి కారణం అక్కడ వెతకాలి.

కరెంటు గీతను ప్రతి రన్‌తో పాటు సేవ్ చేసుకోండి, పీకుల కన్నా అదే ఎక్కువ చెబుతుంది. మొదటి నుంచీ సున్నా అయితే గొట్టం విరిగింది లేదా మూసుకుపోయింది, కాదంటే వయల్ ఖాళీ. మధ్యలో ఒక్కసారిగా సున్నాకు పడితే బుడగ. బఫర్‌ను 0.2 మైక్రోమీటర్ల ఫిల్టర్‌తో వడకట్టి, గాలి తీసి, 5 నిమిషాలు ఫ్లష్ చేయాలి. మూసుకుపోయిందేమోనన్న అనుమానం ఉంటే ఒత్తిడి పెట్టి చివరి కొసను చూడాలి. తెరిచి ఉన్న గొట్టమైతే ఒక నిమిషంలో ఒకటిన్నర మైక్రోలీటర్ల బొట్టు ఊరి వేలాడుతుంది. బొట్టు రాకపోతే క్యాసెట్ తీసి, ముందుగా కిటికీ దగ్గర చూడండి.