ఒకసారి చెబితే చాలు: ఫలక్‌నుమా ప్యాలెస్‌లో మా బసలు

"ఒక్క రాత్రికి అంత డబ్బు పెట్టి ఫలక్‌నుమాలో ఉండటం అవసరమా?" అని నన్ను అడగని చుట్టం లేదు. హైదరాబాద్‌లో ఇప్పుడు హోటల్‌గా నడుస్తున్న ఈ ప్యాలెస్‌కి 2013లో మొదటిసారి వెళ్లాం, ఆ తర్వాత ఇంకో నాలుగుసార్లు రాత్రి బస చేశాం. మా అన్నయ్య వాళ్లు విదేశం నుంచి వచ్చినప్పుడల్లా సాయంత్రం టీకో, రాత్రి భోజనానికో వెళ్లొచ్చినవి వేరే లెక్క. మాది అంత సులువుగా ఖర్చుపెట్టే ఇల్లు కాదు, పెళ్లిరోజు కోసమని ఏడాదంతా నెలకి కొంత చొప్పున పక్కన పెట్టిన డబ్బుతో వెళ్తాం, అందుకే ప్రతి రూపాయికీ ఏం దక్కిందో చూసుకునే రాస్తున్నాను.

భవనం గురించి క్లుప్తంగా చెప్తాను, ఫోటోలు అందరూ చూసే ఉంటారు. ఫలక్‌నుమా అంటే ఆకాశ దర్పణం. పాయెగా వంశపు నవాబు వికారుల్ ఉమ్రా 1884లో పునాది వేయించి తన కోసం కట్టించుకున్న మహల్ ఇది, తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా చేతికి వచ్చింది. 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు బస చేశాక దశాబ్దాలపాటు తాళం వేసి ఉంది. తాజ్ హోటళ్ల వాళ్లు తీసుకుని, నిజాం కుటుంబానికి చెందిన ప్రిన్సెస్ ఎస్రా పర్యవేక్షణలో దాదాపు పదేళ్లు బాగుచేయించి 2010 నవంబరులో హోటల్‌గా తెరిచారు. 32 ఎకరాల కొండ మీద గదులు 60 మాత్రమే. నా లెక్కలో ఈ హోటల్ గురించి అన్నిటికంటే ముఖ్యమైన అంకె ఇదే, ఎందుకో కింద చెప్తాను.

కారు కింద గేటు దగ్గరే ఆగిపోతుంది, అక్కణ్నుంచి గుర్రపు బగ్గీలో పైకి తీసుకెళ్తారు. 2016లో మా అమ్మని మొదటిసారి తీసుకెళ్లినప్పుడు నాకు అసలు టెన్షన్ ఆ బగ్గీ ఎక్కడం గురించే, మెట్టు ఎత్తుగా ఉంటుంది, అమ్మకి రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. బగ్గీ అబ్బాయి ఒక చిన్న పీట తెచ్చి వేశాడు, చెయ్యి పట్టుకుని పైకి లాగలేదు, కాస్త వంగి నిలబడి "నా భుజం మీద చెయ్యేసి మీ టైమ్ తీసుకోండమ్మా" అన్నాడు. మోకాళ్ల నొప్పులున్న వాళ్లని లాగితే ఎంత బాధో ఇంట్లో పెద్దవాళ్లున్న వాళ్లకి తెలుసు. పైన మెట్ల దగ్గర అడుగుపెట్టగానే మేడ మీద నుంచి గులాబీ రేకులు చల్లుతారు కదా, అమ్మ తన మీద పడ్డ రేకులు ఏరుకుని కొంగు చివర ముడి వేసుకుంది. రెండు రోజులూ అవి విప్పలేదు.

ఇక ఆతిథ్యం. అమ్మకి షుగరు, రోజుకి రెండు పూటలా ఇన్సులిన్. ఈ విషయం బుకింగ్ అప్పుడు ఫోన్‌లో ఒకే ఒక్కసారి చెప్పాను. గదిలోకి వెళ్లేసరికి ఫ్రిజ్‌లో ఒక అర మొత్తం ఖాళీ చేసి ఉంచారు. రాత్రి ఎనిమిదికి భోజనం గదికే తెప్పించుకున్నాం, తెచ్చినాయన మూతలు తీయకుండా ముందు "అమ్మా, ఇంజెక్షన్ అయిందా? అయితేనే వడ్డిస్తాను" అన్నాడు. అమ్మ నా మొహం చూసింది, నేనేమైనా చెప్పానా అని. నేను అతనికి ఏమీ చెప్పలేదు. రాత్రిపూట ఆవిడ పెరుగన్నం తప్ప తినదు, అది మెత్తగా కలిపి తెచ్చారు. బయల్దేరే రోజు పొద్దున మా ఐస్ ప్యాక్ గడ్డకట్టించి, అది మందుకి నేరుగా తగలకుండా చిన్న తువ్వాలు చుట్టి బ్యాగులో పెట్టిచ్చారు. ఇన్సులిన్ గడ్డకడితే పనికిరాదని ఆ తువ్వాలు చుట్టిన మనిషికి తెలుసన్నమాట.

దీని విలువ నాకు ఎందుకు అంతగా తెలిసిందంటే, అంతకు ముందు ఏడాదే వేరే ఊళ్లో ఒక పేరున్న ఫైవ్ స్టార్ హోటల్‌లో దిగాం, అక్కడ ఇదే ఇన్సులిన్ గురించి రిసెప్షన్‌లో చెప్పాను, రూమ్ సర్వీస్‌కి చెప్పాను, షిఫ్టు మారాక కొత్తగా వచ్చిన అమ్మాయికి మళ్లీ మొదటి నుంచి చెప్పాను, అందరూ నవ్వుతూ "ష్యూర్ సర్" అన్నారు, చివరికి ఫ్రిజ్ వచ్చేసరికి రాత్రి పదకొండు. భోజనం ఆలస్యమై అమ్మకి చెమటలు పట్టాయి. అక్కడా చలువరాళ్లున్నాయి, షాండ్లియర్లున్నాయి, మర్యాదకీ లోటు లేదు. లేనిదల్లా ఒకరికి చెప్పింది ఇంకొకరికి చేరడం.

ఫలక్‌నుమాలో ఇది ఎలా జరుగుతోందని ఆ తర్వాతసారి వెళ్లినప్పుడు డ్యూటీ మేనేజర్‌నే అడిగేశాను. ఆయన దాచకుండా చెప్పారు: అతిథి ఏం చెప్పినా, చెప్పకపోయినా తాము గమనించినా ఆ మనిషి పేరు మీద నమోదు చేస్తారట, షిఫ్టు మారేటప్పుడు గదివారీగా చదివి అప్పగిస్తారట. చాలా పెద్ద హోటళ్లలో ఇలాంటి పద్ధతి కాగితం మీద ఉంటుంది. కానీ 60 గదులే ఉన్నప్పుడు ఆ చదివింది మనిషి బుర్రలో నిలుస్తుంది, వందల గదులుంటే కంప్యూటర్‌లోనే ఉండిపోతుంది. నేను అందుకే అంకె ముఖ్యమన్నాను. కొందరు "ఓస్, రాసుకుని గుర్తుపెట్టుకుంటే అది అభిమానం ఎలా అవుతుంది" అంటారు. నేను ఒప్పుకోను. అమ్మకి పెరుగన్నం మెత్తగా ఉండాలని ఎవరో ఒకరు ఆగి రాశారు కదా, ఆ ఆగడమే నాకు కావలసింది.

తిండి విషయానికొస్తే, అదా రెస్టారెంట్‌లో హైదరాబాదీ వంటలు బాగుంటాయి, మూత చుట్టూ పిండి అంటించి దమ్ చేసిన బిర్యానీ, చివర ఖుబానీ కా మీఠా తప్పకుండా తినండి. అక్కడి ఇంకో రెస్టారెంట్ సెలెస్ట్‌లో నాకంత నచ్చలేదు, అది నా నాలుక సంగతి. టీకి మాత్రం జేడ్ టెరేస్‌లో సూర్యాస్తమయానికి కాస్త ముందు కూర్చోండి, కింద పాతబస్తీలో దీపాలు ఒక్కొక్కటే వెలుగుతుంటే ఆ గంట టీ చల్లారిపోయినా పట్టించుకోరు.

ప్యాలెస్ చూపించే టూర్ వదులుకోవద్దు. 101 మంది ఒకేసారి కూర్చునే భోజనాల బల్ల దగ్గర అందరూ ఫోటోలు దిగి వెళ్లిపోతారు, మీరు బల్ల ఈ చివర నుంచి ఆ చివరికి ఒకసారి నెమ్మదిగా నడవండి, అప్పుడు గానీ దాని పొడవు అర్థం కాదు. పైకప్పు చెక్కపని చూడాలంటే లైబ్రరీలో కూడా కాసేపు ఆగాలి.

వెళ్లేవాళ్లకి ఒకట్రెండు మాటలు. ముందుగా బుక్ చేసుకోకుండా ఊరికే చూసొద్దామని వెళ్తే గేటు దాటనివ్వరు, టీకైనా సరే. అన్ని గదుల నుంచీ నగరం కనపడదు, అది కావాలంటే బుకింగ్ అప్పుడే అడగండి. చార్మినార్ వైపు నుంచి వస్తే సాయంత్రం ట్రాఫిక్ ఘోరంగా ఉంటుంది, టీ టైమ్‌కి గంట ముందే బయల్దేరండి. మెట్లు చాలా ఉన్నాయి, పెద్దవాళ్లని తీసుకెళ్తుంటే వాళ్ల అవసరాలన్నీ ముందే వివరంగా చెప్పండి, మొహమాటపడొద్దు. కుర్రాళ్లు సరదా కోసం ఒక రాత్రి ఉండాలనుకుంటే నేనైతే టీకి వెళ్లి రమ్మంటాను, గది ఖర్చుకి తగ్గది వాళ్లకి దక్కదు. అమ్మనో నాన్ననో తీసుకెళ్లాలనుకుంటే మాత్రం డబ్బు కూడబెట్టి ఒక్కసారైనా రాత్రి ఉండండి.

మేం ఈ డిసెంబరుకి మళ్లీ బుక్ చేశాం. అమ్మకి మెట్లు తక్కువ ఉన్న వైపు గది కావాలని రాద్దామని కూర్చున్నాను, కన్ఫర్మేషన్ మెయిల్ తెరిచి చూస్తే రెండో లైన్‌లోనే ఉంది: అమ్మగారి కోసం మెట్లు ఎక్కనక్కర్లేని గది, ఫ్రిజ్‌లో ఒక అర ఖాళీ.