టైమ్‌షిఫ్ట్: సగంలో ఆగిన అప్‌గ్రేడ్ నుంచి కంప్యూటర్‌ని వెనక్కి తెచ్చుకోవడం

లినక్స్ మింట్ (విండోస్ లాంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) వేసుకున్నవాళ్లు మొదటిరోజే, సిస్టమ్‌ని ఉన్నదున్నట్టు దాచిపెట్టే టైమ్‌షిఫ్ట్ ఆన్ చేసి, ఆ తర్వాత దాని సంగతే మర్చిపోతారు. నేను మింట్ 20 కాలం నుంచి దీన్ని ఇంట్లోనూ, అనువాదాలూ డీటీపీ పనులూ చేసే మా చిన్న ఆఫీసులోనూ వాడుతున్నాను. అప్‌గ్రేడ్ చెడిపోయినప్పుడు మనిషిని మళ్లీ పనిలో కూర్చోబెట్టడానికి ఇంతకంటే తేలికైన పనిముట్టు నేను చూడలేదు. కాకపోతే స్నాప్‌షాట్ (అలా దాచిన కాపీ) ఏ డిస్కులో పెట్టారన్న దాని మీదే సగం ఫలితం ఆధారపడి ఉంటుంది. ఆ మాట ఎవరూ గట్టిగా చెప్పడం లేదు.

టోనీ జార్జ్ తయారుచేసిన ఈ ప్రోగ్రామ్‌ని 2022 నుంచి లినక్స్ మింట్ వాళ్లే చూసుకుంటున్నారు. ఇది మన ఫైళ్లకు బ్యాకప్ కాదు. ఆపరేటింగ్ సిస్టమ్ ఒకానొక రోజు ఎలా ఉందో అలా దాచిపెడుతుంది, అంతే. ఆర్‌సింక్ అనే ఫైళ్లు కాపీచేసే పద్ధతిలో మొదటి స్నాప్‌షాట్‌కి సిస్టమ్ మొత్తం కాపీ అవుతుంది. ఆ తర్వాతి వాటిలో మారిన ఫైళ్లే కొత్తగా చోటు తీసుకుంటాయి, మారనివి హార్డ్ లింకులతో (ఒకే ఫైలుకి మరో పేరు పెట్టడం) పాత కాపీనే పంచుకుంటాయి. అందుకే పది స్నాప్‌షాట్లున్నా పదింతల చోటు పట్టదు.

అసలు పరీక్ష మింట్ 21.3 నుంచి 22కి వెళ్లేటప్పుడు ఎదురైంది. మింట్ అప్‌గ్రేడ్ పనిముట్టు స్నాప్‌షాట్ ఉందో లేదో చూసుకున్నాకే ముందుకు కదులుతుంది. ఆ పట్టుదల నాకు చాలా నచ్చింది. ప్యాకేజీలన్నీ (సాఫ్ట్‌వేర్ కట్టలు) డౌన్‌లోడ్ అయ్యి, ఒక్కొక్కటీ ఇన్‌స్టాల్ అవుతుండగా గాలివాన మొదలై కరెంటు పోయింది. ఎంతకీ రాలేదు. యూపీఎస్ కాసేపు కూసి కూసి చేతులెత్తేసింది.

కరెంటు వచ్చాక ఆన్ చేస్తే లాగిన్ తెర రాలేదు. నల్ల తెర మీద కర్సర్ మాత్రం కొట్టుకుంటోంది. కంప్యూటర్ లేచేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్లలోకి వెళ్లి, సిస్టమ్‌కి గుండెకాయ లాంటి పాత 5.15 కెర్నల్‌ రికవరీ మోడ్ ఎంచుకుని, సర్వాధికారాలతో ఆదేశాలిచ్చే రూట్ షెల్ తెరిచాను. సగంలో ఆగిన ప్యాకేజీలన్నీ కాన్ఫిగర్ చెయ్యమని, ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే డీపీకేజీకి చెప్పాను. ఇలాంటప్పుడు ముందు చెయ్యాల్సింది అదే, చాలాసార్లు దాంతోనే పని అయిపోతుంది కూడా. ఈసారి కాలేదు. ఫలానా ప్యాకేజీ చాలా అస్తవ్యస్తంగా ఉంది, కాన్ఫిగర్ చేసేముందు దాన్ని మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్యాలి అన్న సందేశం ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంది. సిస్టమ్ అడుగున ఉండి దాదాపు ప్రోగ్రామ్‌లన్నీ వాడే గ్లిబ్‌సీ లైబ్రరీ 2.35 నుంచి 2.39కి మారిపోయింది, దాని మీద ఆధారపడ్డవి కొన్ని పాతవి, కొన్ని కొత్తవి. అలాంటి కలగాపులగాన్ని ఓపిగ్గా విడదీసే నిపుణులు ఉంటారు. నాకు మర్నాటికి పుస్తకం పేజీలు ప్రెస్సుకి పంపాలి.

మింట్ పెన్‌డ్రైవ్ పెట్టి లైవ్‌గా (డిస్కులో ఇన్‌స్టాల్ చెయ్యకుండా పెన్‌డ్రైవ్ నుంచే) బూట్ చేశాను. ఇక్కడొక వాడుకరి చిట్కా: మరో లినక్స్ అయిన ఉబుంటు లైవ్‌లో టైమ్‌షిఫ్ట్ ఉండదు, నెట్ పెట్టుకుని ఇన్‌స్టాల్ చేసుకోవాలి. మింట్ లైవ్‌లో ముందే ఉంటుంది. అందుకే ఉబుంటు వాడే స్నేహితులకు కూడా ఒక మింట్ పెన్‌డ్రైవ్ దగ్గర ఉంచుకోమని చెబుతుంటాను. తెరవగానే స్నాప్‌షాట్లున్న డిస్కు చూపించమంది. నేను వాటిని బయటి హార్డ్‌డిస్కులో ఉంచుతాను. జాబితాలో ‘22కి ముందు’ అని నేను రాసిన వ్యాఖ్యతో సహా కనిపించింది. రీస్టోర్ నొక్కితే రూట్ (సిస్టమ్ ఉండే చోటు) డిస్కులో ఏ పార్టిషన్‌లోకి, హోమ్ (మన ఫైళ్లు) ఎక్కడ, గ్రబ్‌ని ఏ డిస్కు మీద మళ్లీ వెయ్యాలి అని అడుగుతుంది. బూట్‌లోడర్ ఆప్షన్లలో ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో కెర్నల్‌కి తోడ్పడే చిన్న ఫైల్ సిస్టమ్) అప్‌డేట్ గడి కూడా ఉంటుంది, దాన్ని టిక్ చేసి ఉంచడం మంచిది. తర్వాత ఏ ఫైళ్లు వెనక్కి వస్తాయి, ఏవి పోతాయి అని ముందే జాబితా చూపిస్తుంది. ఆ జాబితా చూశాకే నాకు ధైర్యం వచ్చింది. అరగంట దాటకుండా పాత 21.3 లేచి కూర్చుంది. తెలుగు ఫాంట్లు, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు, ప్రింటర్ అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఇక లోపాలు. అన్నిటికంటే పెద్దది: సెటప్ చేసేటప్పుడు స్నాప్‌షాట్లను సిస్టమ్ ఉన్న పార్టిషన్‌లోనే పెట్టనిస్తుంది. పెడితే ఆ పార్టిషన్ మెల్లగా నిండుతుంది, డిస్కు పోతే సిస్టమ్‌తో పాటు స్నాప్‌షాట్లూ పోతాయి. పోనీ బయటి డిస్కు తగిలిద్దామంటే బజార్లో కొన్నవి ఎన్‌టీఎఫ్ఎస్ లేదా ఎక్స్‌ఫ్యాట్‌తో వస్తాయి, వాటిని టైమ్‌షిఫ్ట్ ఒప్పుకోదు. హార్డ్ లింకులకూ, అనుమతులకూ ఈఎక్స్‌టీ4 లాంటి లినక్స్ ఫైల్ సిస్టమ్ కావాలి. కొత్తవాళ్లు సరిగ్గా ఇక్కడే విసిగి, మళ్లీ అదే పార్టిషన్‌కి తిరిగొచ్చేస్తారు. ఈ సంగతి సెటప్ తెర మీదే వివరంగా చెప్పాలి.

రెండోది హోమ్ ఫోల్డర్. మామూలుగా అందులోని ఫైళ్లు స్నాప్‌షాట్‌లోకి రావు, అలా ఉండటమే సరైనది. లేకపోతే రీస్టోర్ చేసిన ప్రతిసారీ ఇవాళ టైప్ చేసిన పేజీలు పోయేవి. కానీ మైఎస్‌క్యూఎల్ లాంటి డేటాబేస్ మామూలుగా సిస్టమ్ వైపే, వేర్ (/var) ఫోల్డర్‌లో ఉంటుంది కాబట్టి అది మాత్రం పాత తేదీకి వెళ్లిపోతుంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నడిపే దుకాణాలవాళ్లు రీస్టోర్ నొక్కే ముందు ఆ డేటాని విడిగా తీసి పెట్టుకోవాల్సిందే. బాగా పాత స్నాప్‌షాట్‌కి వెళ్తే, హోమ్‌లో ఉన్న కొత్త ప్రొఫైల్ చూసి పాత ఫైర్‌ఫాక్స్ మొరాయించవచ్చు.

టైమ్‌షిఫ్ట్‌లో రెండోదైన, బీటీఆర్‌ఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్ సొంత స్నాప్‌షాట్లను వాడే పద్ధతిని లాప్‌టాప్‌లో వాడి చూశాను. స్నాప్‌షాట్ రెప్పపాటులో అయిపోతుంది, అందులో సందేహం లేదు. అయితే మామూలుగా రూట్ ఉన్న సబ్‌వాల్యూమ్‌నే (పార్టిషన్ లోపలి ఒక భాగం) అది దాస్తుంది. బూట్ (కెర్నల్ ఉండే ఫోల్డర్) వేరే పార్టిషన్‌లో ఉంటే రూట్ వెనక్కి వెళ్తుంది, కెర్నల్ మాత్రం కొత్తదే మిగులుతుంది, దానికి తగిన మాడ్యూళ్లు (డ్రైవర్ల లాంటివి) ఉండవు. ఓపెన్‌సూసే అనే మరో లినక్స్‌లో ఉండే ఇలాంటి పనిముట్టు స్నాపర్ ఈ విషయంలో ముందుంది: గ్రబ్ మెనూ నుంచే పాత స్నాప్‌షాట్‌లోకి బూట్ అయి, అంతా బాగుందని చూసుకున్నాక స్థిరం చేసుకోవచ్చు. టైమ్‌షిఫ్ట్‌తో ఆ సౌకర్యం కావాలంటే గ్రబ్‌బీటీఆర్‌ఎఫ్ఎస్ అనే వేరే ప్రోగ్రామ్ జతచెయ్యాలి. లైవ్ పెన్‌డ్రైవ్ లేకుండా గ్రబ్ నుంచే రీస్టోర్ చేసుకునే వీలు మింట్‌లోనూ వస్తే ఎంత బాగుంటుందో!

తర్వాత ఒక ఆదివారం నింపాదిగా అప్‌గ్రేడ్ మళ్లీ మొదలుపెట్టాను, పూర్తయింది. మింట్ 22 కుదురుగానే నడుస్తోంది. పెద్ద అప్‌గ్రేడ్ అయ్యాక దాదాపు ప్రతి ఫైలూ మారుతుంది కాబట్టి, ఆ తర్వాతి స్నాప్‌షాట్ మళ్లీ పూర్తి సైజులో చోటు అడుగుతుంది. డిస్కులో ముందే ఖాళీ చూసుకోండి. మనం చేత్తో తీసిన స్నాప్‌షాట్లను షెడ్యూల్ తనంతట తాను చెరపదు. నేను ‘22కి ముందు’ దాన్ని నెలపైనే ఉంచి, ప్రింటరూ స్కానరూ అన్నీ పనిచేస్తున్నాయని తేలాకే టైమ్‌షిఫ్ట్ లోపలి నుంచి డిలీట్ చేశాను.