వీపీఎఫ్ మేలా, ఎన్‌పీఎస్ మేలా?

ప్రైవేటు ఉద్యోగి జీతంలోంచి నెలకు ఇంకో అయిదు వేలు రిటైర్మెంట్‌కి దాచాలంటే ఎటు? వీపీఎఫ్ అంటే పీఎఫ్‌లోనే మన ఇష్టంతో అదనంగా వేసుకునే సొమ్ము. ఎన్‌పీఎస్ అంటే జాతీయ పెన్షన్ పథకం.

రాబడి: వీపీఎఫ్‌కి ఏటా ప్రకటించే వడ్డీ, 2024-25కి 8.25 శాతం. ఎన్‌పీఎస్‌ది మార్కెట్‌ని బట్టి.

శ్రమ: వీపీఎఫ్‌కి హెచ్‌ఆర్‌కి చెబితే చాలు. ఎన్‌పీఎస్‌లో ఫండ్ మనమే ఎంచుకోవాలి.

చేతికొచ్చేది: అసలు తేడా ఇక్కడే. వీపీఎఫ్ డబ్బంతా మనదే. 2016 బడ్జెట్‌లో పీఎఫ్ విత్‌డ్రాలో 60 శాతంపై పన్ను ప్రతిపాదిస్తే ఉద్యోగులు భగ్గుమన్నారు, ప్రభుత్వం వెనక్కి తగ్గింది. మంచిపనే! ఎన్‌పీఎస్‌లో పెద్ద నిధి ఉంటే 40 శాతంతో పెన్షన్ కొనాల్సివచ్చేది. ప్రభుత్వేతరులకు 2025 డిసెంబరులో అది 20కి తగ్గింది.

యాభై దాటి, నష్టమంటే టెన్షన్ పడేవాళ్లకి వీపీఎఫ్. ముప్పైల్లో ఉన్నవాళ్లకి, చేతిలో డబ్బుంటే పిల్లల పెళ్లికి మొత్తం ఊడ్చేసేవాళ్లకి ఎన్‌పీఎస్.