పాత కారు పార్ట్స్ మాన్యువల్ రిపేర్‌కి వాడిన టిష్యూ, జిగురు, కవర్లు: ఎలా పనిచేశాయంటే

మోరిస్ మైనర్ అనే పాత బ్రిటిష్ కారు పార్ట్స్ మాన్యువల్ ఒకటి బాగుచేయడానికి జపనీస్ కోజో టిష్యూ (మల్బరీ జాతి చెట్టు పీచుతో చేసే పలచటి కాగితం), గోధుమ స్టార్చ్ జిగురు, పాలియెస్టర్ కవర్లు తెప్పించి వాడాను. ఇలాంటి పుస్తకానికి అందం సంగతి తర్వాత, విలువంతా పార్ట్ నంబర్లలోనే ఉంది. మైనర్‌కి 1952లో 803 సీసీ ఇంజిన్ వచ్చింది, 1956లో 948 అయింది, 1962లో 1098 అయింది, బండి చూడ్డానికి దాదాపు అలాగే ఉన్నా లోపల పార్ట్‌లు మారిపోయాయి, ఫలానా నంబర్ బండి దాకా ఈ పార్ట్, ఆ తర్వాత నుంచి ఆ పార్ట్ అని చెప్పేది ఈ మాన్యువలే. ఒక్క అంకె చెరిగినా వేరే పార్ట్ ఇంటికొస్తుంది. అందుకని ఏ సామానైనా నేను చూసింది రెండే: నంబర్ చెక్కుచెదరకుండా ఉందా, రేపు ఇంకెవరైనా నా పని తీసేసి మళ్ళీ చేయాలనుకుంటే కుదురుతుందా.

టిష్యూకి మాత్రం కళ్ళు మూసుకుని అయిదుకి అయిదు ఇస్తాను. అన్నిటికంటే దారుణంగా ఉన్నది ఫ్రంట్ సస్పెన్షన్ పేజీ. మైనర్‌లో ట్రనియన్లకి, అంటే ముందు చక్రాలు తిరగడానికి వీలిచ్చే సస్పెన్షన్ కీళ్ళకి, ఎప్పటికప్పుడు గ్రీజు పెడుతూ ఉండాలి కదా, గ్రీజు చేతులు ఎక్కువ పడింది ఆ పేజీ మీదే, చిరుగు కూడా సరిగ్గా బొమ్మలో ట్రనియన్ పక్కనున్న నంబర్ మధ్యలోంచే పోయింది. ఈ టిష్యూని కత్తెరతో కోయకూడదు, తడి బ్రష్‌తో సన్నగా గీత గీసి ఆ గీత వెంట మెల్లగా లాగితే అంచున పొడుగు పీచు బయటికొస్తుంది, ఆ పీచే కాగితంలో కలిసిపోయి పట్టుకుంటుంది. వెనకవైపు అతికించి, బ్లాటింగ్ పేపర్ల మధ్య బరువు కింద ఆరబెట్టి తిప్పి చూస్తే నంబర్ రెండు ముక్కలూ కలిసి హాయిగా చదవడానికి వస్తున్నాయి, వెనక పేజీ ప్రింట్ కూడా టిష్యూ లోంచి కనిపిస్తోంది. అదే పుస్తకంలో ఎవరో ఎప్పుడో సెల్లోటేప్ వేసిన పేజీలు చూస్తే ఏడుపొస్తుంది, టేప్ ఊడిపోయింది గానీ దాని జిగురు కాగితంలోకి ఇంకి పసుపు పట్టేసింది. మామూలు చిరుగులకి 5 జీఎస్ఎం (చదరపు మీటరుకి ఇన్ని గ్రాములు అని కాగితం మందం చెప్పే లెక్క) టిష్యూ చాలు, మడతల దగ్గర మాత్రం 9 లేదా 10 తీసుకోండి.

జిగురు కూడా బాగుంది కానీ ఓపిక కావాలి. మైదా జిగురు లాంటిదేలే అనుకోకండి, మైదాలో గ్లూటెన్ ఉంటుంది, ఇందులో అది తీసేసి వట్టి స్టార్చ్ మిగులుస్తారు. నీళ్ళలో నానబెట్టి, సన్న మంట మీద అడుగంటకుండా కలుపుతూ కాచి, చల్లారాక జల్లెడ పట్టాలి. పలచగా చేసి ఎక్కువ రాస్తే పేజీ ఉబ్బి అలలు తిరుగుతుంది, నీటి మరక అంచు కూడా పడుతుంది, బ్రష్ దాదాపు పొడిగా ఉండాలి. మళ్ళీ తడి చేస్తే ఊడిపోతుంది, నాకు దీంట్లో బాగా నచ్చింది అదే. అచ్చు ఇంక్ నూనెతో చేసింది కాబట్టి తడికి కదల్లేదు, పాళీ పెన్నుతో రాసిన నోట్స్ ఉంటే మాత్రం ముందు ఒక మూల చిన్న చుక్క పెట్టి చూసుకోండి.

లోటు ఏంటంటే గ్రీజు ఇంకిన చోట ఈ జిగురు పట్టదు, నీళ్ళతో చేసింది కదా. అక్కడ పెట్రోలో థిన్నరో పూసి తీసేద్దాం అనిపిస్తుంది, దయచేసి పూయకండి, మరక ఇంకా పాకుతుంది. నేను గ్రీజు మరకలు అలాగే వదిలేసి చుట్టూ గట్టి కాగితం ఉన్న చోటే టిష్యూ వేశాను.

కవర్లలో పెట్టేముందే స్కాన్ చేసేయండి, ప్లాస్టిక్ మీద లైటు మెరుస్తుంది. 600 డీపీఐ, గ్రేస్కేల్, టిఫ్ ఫైల్. సైజు తగ్గుతుందని ఏ కంప్రెషన్ పడితే అది పెట్టకండి, 2013లో డేవిడ్ క్రీసెల్ అనే ఆయన జిరాక్స్ కంపెనీ మెషిన్లు స్కాన్‌లో 6ని 8గా మార్చేస్తున్నాయని బయటపెట్టారు, జేబిగ్2 అనే కంప్రెషన్ పద్ధతి ఒకేలా కనిపించే అంకెల్ని ఒకటే అనుకుని అతికించేసింది. చూడ్డానికి పేజీ శుభ్రంగానే ఉంటుంది, నంబర్ మాత్రం అబద్ధం. పార్ట్స్ మాన్యువల్‌కి ఇంతకంటే ప్రమాదం ఇంకోటి లేదు.

ఇక కవర్లు. పాలియెస్టర్ అని స్పష్టంగా రాసి ఉంటేనే కొనండి, పీవీసీ వద్దే వద్దు, మెత్తదనం కోసం కలిపిన రసాయనం కొన్నాళ్ళకి బయటికొచ్చి ఇంక్‌ని ప్లాస్టిక్‌కి అంటించేస్తుంది. లామినేషన్ అయితే అసలు ఆలోచించకండి, ఒకసారి చేశాక వెనక్కి తీయలేం. నేను తీసుకున్నవి రెండు అంచులు తెరిచి ఉండేవి, పాత కాగితంలో ఆమ్లం ఉంటుంది కాబట్టి నాలుగువైపులా సీల్ చేస్తే అది లోపలే ఉండిపోయి కాగితం ఇంకా తొందరగా పెళుసైపోతుంది. పేజీ జారిపోతుందని భయపడ్డాను గానీ స్టాటిక్ వల్ల అతుక్కునే ఉంది. వీటికి నాలుగే ఇస్తున్నా, ఎందుకంటే పుస్తకం మందం బాగా పెరిగి పాత బైండర్ మూసుకోవట్లేదు, వెడల్పాటి బైండర్ కూడా కలిపి ఆర్డర్ పెట్టుకోండి, మడత పేజీలకి పెద్ద సైజు కవర్లు వేరేగా తీసుకోండి, మడిచి పెడితే మడత దగ్గరే మళ్ళీ చిరుగుతుంది.