పదకొండేళ్లుగా వాడుతున్న టక్కర్: నా అనుభవం

అనంతపురం పాతవూరిలోని మా ఇంట్లో నేను ఆడపిల్లల గౌన్లు, పావడలు, జాకెట్లు కుట్టి ఇస్తాను. మిషన్ మా జేజి వాడినది. నల్లటి తొక్కుడు మిషన్. ఆమె పోయిన తర్వాత సొరుగు సర్దుతుంటే, సూదుల డబ్బా కింద పాత మల్లు గుడ్డలో చుట్టి ఒక ఇనుప సామాను కనిపించింది. అదే టక్కర్, అంటే టక్కులు కుట్టడానికి మిషన్‌కు తగిలించే సామాను. టక్కు అంటే గుడ్డను మడిచి, మడత అంచు నుంచి కొంచెం ఎడంగా ఆ అంచు వెంటే కుట్టు వేసిన మడత. దాని మీద 'సిమాంకో' అని చెక్కి ఉంది. అది సింగర్ మాన్యుఫాక్చరింగ్ కంపెనీ పేరును కుదించి తమ సామాన్ల మీద వేసుకున్న ముద్ర. మా మిషన్ వేరే కంపెనీది అయినా ఫుట్ (సూది కింద గుడ్డను నొక్కి పట్టే పాదం) బిగించే కడ్డీ ఎత్తు ఒకటే కాబట్టి అది చక్కగా కూర్చుంది. అప్పటి నుంచి ఈ పదకొండేళ్లలో టక్కులున్న ఏ నూలు బట్టనూ నేను అది లేకుండా కుట్టలేదు.

వరుసగా టక్కులు పెట్టేటప్పుడు కష్టమంతా గుర్తు పెట్టడంలోనే ఉంటుంది. స్కేలుతో కొలిచి, చాక్‌పీసుతో గీసి, గోటితో మడత నలిపి, ఇస్త్రీ చేసి, ఆ తర్వాత కుట్టాలి. ముప్పై టక్కులుంటే ముప్పై సార్లు ఇదే పని. టక్కర్ ఈ గుర్తు పెట్టే పనిని తానే చేస్తుంది. మామూలు ఫుట్ తీసేసి అదే స్క్రూతో దీన్ని బిగించాలి. దీనికి ఒక మీట ఉంటుంది. సూది దిగిన ప్రతిసారీ, సూదిని పట్టి ఉంచే బిగింపు ఆ మీటను కిందికి నొక్కుతుంది. మీట కొసన ఉన్న రేకుకూ, అడుగు రేకు మీద లేచి ఉన్న చిన్న పన్నుకూ మధ్య గుడ్డ నలిగి సన్నని గీత పడుతుంది. సూది కింద ఈ టక్కు కుట్టు పడుతుండగానే, ఎడమ పక్కన రాబోయే టక్కుకు మడత గీత సిద్ధమవుతూ ఉంటుంది. కుట్టు చివరికి చేరేసరికి తర్వాతి మడత ఎక్కడ వేయాలో గుడ్డ మీదే కనిపిస్తుంది.

దీని మీద రెండు కొలతల పట్టీలున్నాయి, కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే. ముందున్న పట్టీ టక్కు వెడల్పుది. దాని మీద 1 నుంచి 8 వరకు అంకెలుంటాయి, ఒక్కో అంకె అంగుళంలో 1/8 వంతు, అంటే 8 దగ్గర పెడితే అంగుళం టక్కు. వెనకున్న పట్టీ టక్కుకూ టక్కుకూ మధ్య ఎడానిది; దాని అంకెల మధ్య దూరం ముందుదానికి సరిగ్గా రెట్టింపు, అంటే పావు అంగుళం. ఎందుకు రెట్టింపో తెలియక నేను మొదటి నెలంతా అంకెలు బట్టీపట్టి పని చేశాను. తర్వాత ఒక కాగితం మడిచి చూసుకుంటే అర్థమైంది: ప్రతి టక్కూ తన వెడల్పుకు రెండింతల గుడ్డను మింగుతుంది, అందుకే తర్వాతి మడత గీత ఇప్పటి కుట్టు నుంచి కనీసం రెండింతల దూరంలో పడాలి. రెండు పట్టీలనూ ఒకే అంకె దగ్గర పెడితే మధ్యలో ఖాళీ లేకుండా ఒక టక్కు అంచు వెనకటి టక్కు కుట్టును తాకుతూ వస్తుంది. 1/8 అంగుళం టక్కులకు మధ్య పావు అంగుళం ఖాళీ కావాలంటే ముందుది 1 దగ్గర, వెనకది 2 దగ్గర పెట్టాలి. గౌను పైభాగానికి అలాంటివి పన్నెండు వేస్తే మూడు అంగుళాల గుడ్డ టక్కుల్లోకే పోతుంది కనుక, టక్కులన్నీ ముందే వేసుకుని ఆ తర్వాతే కత్తిరించడం నాకు అలవాటైంది.

ఈ సామానులో ఉన్న పెద్ద సుగుణమే దాని పెద్ద ప్రమాదం కూడా. ప్రతి గీతా వెనకటి కుట్టు నుంచి కొలిచి పడుతుంది కాబట్టి, మొదటి టక్కు వంకర పోతే ఆ వంకర చివరి టక్కు దాకా నడుస్తుంది. రెండో ఏట ఒక పాప పుట్టినరోజు గౌనుకు ఇరవై నాలుగు టక్కులు వేసి, గుడ్డను బల్ల మీద పరిచి చూస్తే అన్నీ ఒకదానికొకటి సమానంగానే ఉన్నాయి, కానీ అన్నీ కలిసి మెడ వైపు వాలి ఉన్నాయి. ఆ రాత్రి ఇరవై నాలుగు కుట్లూ విప్పాను. తెల్లటి కాంబ్రిక్ మీద విప్పిన కుట్టు రంధ్రాలు ఉతికేదాకా కనబడుతూనే ఉంటాయి. అప్పటి నుంచి మొదటి టక్కును మాత్రం ఎప్పుడూ గుడ్డలోంచి ఒక నూలు పోగు లాగి, ఆ జాడ వెంట చేత్తోనే మడుస్తున్నాను. దానికి అయిదు నిమిషాలు పడుతుంది. మిగతా టక్కులన్నీ నేరుగా రావడం ఆ అయిదు నిమిషాల మీదే ఆధారపడి ఉంటుంది.

గుడ్డను బట్టి ఫలితం చాలా మారుతుంది. పాప్లిన్, కాంబ్రిక్, మల్లు, ఎమ్మిగనూరు చేనేత నూలు వంటి వాటి మీద గీత కత్తితో గీసినట్లు పడుతుంది. గుడ్డకు పలచగా గంజి పెట్టి, కాస్త చెమ్మ ఉండగానే ఇస్త్రీ చేసుకుంటే ఇంకా స్పష్టంగా నిలుస్తుంది. మా ఊరి ఎండాకాలంలో గంజి పెట్టని మల్లు పొడిబారి, గీత పడిన కాసేపటికే మాసిపోతుంది, కాబట్టి ఆ నెలల్లో గంజి తప్పనిసరి అని నా అనుభవం. పాలిస్టర్ కలిసిన స్కూలు యూనిఫాం గుడ్డ మీద మాత్రం ఇది దాదాపు పని చేయదు, ఎందుకంటే ఆ గుడ్డ నలగదు. అక్కడ స్కేలూ చాక్‌పీసే మేలు.

ధర్మవరం పట్టు సంగతి వేరుగా చెప్పాలి. మా వైపు ఆడపిల్లకు పట్టు పావడ కుట్టిస్తే, కొలతకన్నా పొడవు ఉంచి అంచుకు పైన రెండు మూడు టక్కులు పెట్టించుకుంటారు. పిల్ల ఎదిగిన కొద్దీ ఒక్కొక్కటీ విప్పుతారు. అంగుళం టక్కులు మూడు విప్పితే పావడ ఆరు అంగుళాలు పెరుగుతుంది, అంటే ఒక్క పావడ కొన్నేళ్లు వస్తుంది. అందుకే ఆ టక్కులు విప్పినప్పుడు మచ్చ మిగలకూడదు. టక్కర్ పన్ను జరీ మీద పడితే పోగు నలిగి, విప్పిన తర్వాత కూడా గీత మెరుస్తూ కనిపిస్తుంది. ఒకసారి ఒక తల్లి మూడేళ్ల తర్వాత టక్కు విప్పిన పావడను తెచ్చి, "ఇది పోదా అక్కా?" అని అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేకపోయింది. ఆనాటి నుంచి పట్టుకు మీటను పైకి ఎత్తి ఉంచి, గీత పడకుండా, వెడల్పు పట్టీని మాత్రం అంచు ఆనుకోవడానికి వాడుతున్నాను. గుర్తు చేత్తో, పొడవాటి కుట్లతో వేసుకుంటాను. పని నెమ్మదిగా సాగుతుంది కానీ పట్టు పాడవదు.

నాలుగేళ్ల కింద నా దగ్గర పని నేర్చుకునే అమ్మాయి కోసం కొత్తగా తయారైన టక్కర్ ఒకటి బజారులో కొన్నాను. చూడటానికి పాతదానిలాగే మెరిసింది. కానీ దాని రేకు పలచన, పట్టీ బిగించే స్క్రూ మిషన్ అదురుకు కొద్దికొద్దిగా జారేది. పది టక్కులు అయ్యేసరికి ఎడం పెరిగిపోయేది. ఆ స్క్రూను ప్రతి రెండు టక్కులకూ బిగించుకోవాలంటే ఈ సామాను ఎందుకు? దాన్ని పక్కన పెట్టి, పాత ఇనుప సామాన్లు అమ్మేవాళ్ల దగ్గర వెతికి పాతదే మరొకటి ఆమెకు ఇప్పించాను. ఎవరైనా కొనేటప్పుడు ముందు మీటను వేలితో నొక్కి వదిలి చూడాలి. అది వెంటనే పైకి లేవాలి. పన్ను అరిగి మొండిగా ఉండకూడదు, మరీ పదునుగా ఉండి గుడ్డను చీల్చకూడదు. రెండు పట్టీలూ బిగించాక కదలకూడదు. ఫుట్ బిగించే కడ్డీ పొడవుగా ఉండే పవర్ మిషన్లకు ఇలాంటిది సరిపోదు, ఆ వేగానికి ఇది తట్టుకోలేదు కూడా. నేను తొక్కుడు మిషన్ మీద కూడా నిదానంగానే నడుపుతాను.

నూనె విషయంలో పొదుపుగా ఉండాలి. మీట తిరిగే చోట నెలకు ఒక చుక్క చాలు, వేశాక పాత గుడ్డ మీద రెండు వరుసలు నడిపి చూసుకోవాలి. ఇక వరుసలో ఆఖరి టక్కు కుట్టేటప్పుడు మీటను ఎత్తి పెట్టడం మరిచిపోకూడదు. మరిచిపోతే, టక్కు లేని సాదా గుడ్డ మీద, సరిగ్గా పాప ఛాతీ మధ్యలో, ఎందుకూ పనికిరాని గీత ఒకటి మిగులుతుంది. తడి గుడ్డ వేసి ఇస్త్రీ చేస్తే నూలు మీద అది పోతుంది.