సెలవుల ప్రయాణాలకు గూగుల్ ఫ్లైట్స్: వెతకడానికి భేష్, కొనడం మాత్రం ఎయిర్‌లైన్ దగ్గరే

మా ఇంట్లో అందరి టికెట్లూ బుక్ చేసే పని నాది. అత్తయ్య, మామయ్య, మేమిద్దరం, పిల్లలు. అందుకే ఏ ట్రావెల్ సైట్ చూసినా నాకు ఒకటే ప్రశ్న: రద్దీ రోజుల్లో ఏదైనా తేడా వస్తే ఇంతమందిని వెంటబెట్టుకుని బయటపడగలనా? ఆ లెక్కన గూగుల్ ఫ్లైట్స్‌కి మంచి మార్కులే వేస్తాను. కాకపోతే అక్కడ వెతికి, టికెట్ మాత్రం ఎయిర్‌లైన్ సొంత సైట్‌లోనే కొంటాను.

2011లో మొదలైన ఈ సర్వీసు ప్రధానంగా ధరలూ టైమింగులూ ఒకచోట చూపించి, కొనడానికి ఎయిర్‌లైన్‌కో ఏజెన్సీకో పంపిస్తుంది. నాకు బాగా పనికొచ్చేది డేట్ గ్రిడ్. వెళ్ళే తేదీలు ఒకవైపు, తిరిగొచ్చే తేదీలు ఇంకోవైపు ఉంటాయి. ఏ రోజు వెళ్ళి ఏ రోజు వస్తే ఎంతవుతుందో గళ్ళలో కనిపిస్తుంది. సెలవులు మొదలయ్యే రోజుకీ, రెండు రోజుల ముందుకీ ఉన్న తేడా ఆ గళ్ళలో చూపిస్తే చాలు, మావారితో వాదించే పని ఉండదు. తేదీలు ఖాయం కాకముందే ‘ట్రాక్ ప్రైసెస్’ ఆన్ చేసుకుంటే ధర మారినప్పుడు మెయిల్ వస్తుంది. అలాగని ఇంకా తగ్గుతుందేమోనని చివరిదాకా ఆగకండి. సీజన్‌లో ముందు అయిపోయేవి మంచి టైమింగ్ ఉన్న సీట్లే.

ఫిల్టర్లలో నేను ముందు చూసేది స్టాప్స్, ఆ తర్వాత టైమ్. నాన్‌స్టాప్, అదీ పొద్దున్నే బయల్దేరేది దొరికితే కాస్త ఎక్కువైనా అదే తీసుకుంటాను. ఒకే విమానం రోజంతా ఎన్నో చోట్లకి తిరుగుతుంది కాబట్టి పొద్దుటి ఆలస్యం సాయంత్రానికి పేరుకుపోతుంది. ఆ రోజు ఆఖరి ఫ్లైటే రద్దయితే పెద్దవాళ్ళతో రాత్రంతా ఎయిర్‌పోర్ట్‌లో కూర్చోవాలి. పొద్దుటిది రద్దయితే కనీసం సాయంత్రంలోపు ఇంకోటి అడగొచ్చు.

చవగ్గా కనిపించే వాటిలో కొన్ని విడివిడి టికెట్లు కలిపి చూపించేవి. ఆ విషయం పక్కనే రాసి ఉంటుంది, తప్పకుండా చదవండి. మొదటి ఫ్లైట్ లేటై రెండోది తప్పిపోతే, మామూలుగా ఆ రెండో ఎయిర్‌లైన్‌కి ఏ బాధ్యతా ఉండదు. రెండూ ఒకే టికెట్ మీద ఉంటే తర్వాతి ఫ్లైట్‌లో సీటు చూడాల్సింది ఎయిర్‌లైన్ వాళ్ళే.

ఆరుగురికి కలిపి వెతికితే ఒక్కరికి చూపించే ధర కన్నా తలా కొంత ఎక్కువ కనిపించవచ్చు. తక్కువ రేటు సీట్లు రెండే మిగిలాయనుకోండి, చాలాసార్లు మొత్తం ఆరుగురికీ పై రేటే వేస్తారు. విడగొట్టి కొంటే డబ్బు మిగులుతుంది, నిజమే. కానీ పీఎన్ఆర్‌లు వేరైతే, ఫ్లైట్ రద్దయినప్పుడు అత్తయ్య వాళ్ళు ఒక దాంట్లో, మేం ఇంకో దాంట్లో పడతాం. పెద్దవాళ్ళూ పిల్లలూ ఉన్నప్పుడు ఆ మిగులు నాకొద్దు.

ఎయిర్‌లైన్ దగ్గరే కొనమని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మా తమ్ముడి అనుభవం. ఒక ఏజెన్సీ సైట్‌లో కాస్త తక్కువకి వచ్చిందని కొన్నాడు. తర్వాత ఫ్లైట్ టైమ్ మారింది. ఎయిర్‌లైన్ వాళ్ళు ఏజెన్సీని అడగమన్నారు, ఏజెన్సీ వాళ్ళు ఎయిర్‌లైన్‌ని అడగమన్నారు. సెలవుల ముందు రోజంతా ఆ ఫోన్లతోనే గడిచిపోయింది. ఆ టెన్షన్ ముందు మిగిలిన డబ్బు ఎంతని? ఇంకో సౌకర్యం కూడా ఉంది. మామయ్యకి వీల్‌చెయిర్ కావాలంటే పీఎన్ఆర్‌తో నేరుగా ఎయిర్‌లైన్ సైట్‌లోనో ఫోన్‌లోనో అడగొచ్చు. కనీసం 48 గంటల ముందు చెప్పమని చాలా ఎయిర్‌లైన్స్ అంటాయి. నేను టికెట్ కొన్న రోజే అడిగేస్తాను.

హోటళ్ళు కూడా గూగుల్‌లోనే వెతుకుతాను. ‘ఫ్రీ క్యాన్సలేషన్’ ఫిల్టర్ పెట్టకుండా సీజన్‌లో గది తీసుకోను. గడువు తేదీనీ, గంటనీ కూడా చూడండి, అది సాధారణంగా హోటల్ ఉన్నచోటి టైమ్ ప్రకారం ఉంటుంది. ఇక అర్ధరాత్రి దాటాక దిగే ఫ్లైట్ల సంగతి. 24వ తేదీ అర్ధరాత్రి దాటాక, అంటే 25న ఒంటిగంటకి దిగుతుంటే గది 24వ తేదీకి బుక్ చేయాలి. 25కి చేస్తే చెకిన్ ఆ మధ్యాహ్నమే, అప్పటిదాకా లాబీలో సామాన్లతో కూర్చోవాలి. 24కి చేసినప్పుడు లేటుగా వస్తామని హోటల్‌కి ముందే మెయిల్ పెట్టాలి, లేకపోతే రాలేదనుకుని గది ఇంకొకరికి ఇచ్చేసే ప్రమాదం ఉంది. వాళ్ళ జవాబు మెయిల్‌ని ఫోన్‌లో సేవ్ చేసి ఉంచుతాను, రిసెప్షన్‌లో ఆ పూట ఎవరున్నా చూపించవచ్చు.