జయనగర్ కాంపోజిట్ ఫోటో క్లాసు: శనివారానికి వెళ్ళండి, ఆదివారం మీ ఇష్టం

శని, ఆదివారాలు కలిపి ఫీజు ఆరున్నర వేలు. నన్నడిగితే ఒక్క శనివారానికే ఐదు వేలు ఇచ్చినా దండగ కాదు. ఆదివారం మధ్యాహ్నం కూర్చున్నందుకు మాత్రం వాళ్ళే మనకు ఎంతో కొంత ఇవ్వాలి.

బెంగళూరు జయనగర్‌లో ఒక చిన్న స్టూడియో వాళ్ళు నడిపే కాంపోజిట్ ఫోటోగ్రఫీ క్లాసు ఇది. తిట్టాల్సినవి కూడా ఉన్నాయి కాబట్టి పేరు రాయడం లేదు. ఇక్కడి కెమెరా క్లబ్బుల్లో తిరిగేవాళ్ళకు ఎవరో తెలిసిపోతుంది లెండి. నేను చిత్తూరులో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు మల్లేశ్వరంలో కూతురి దగ్గర ఉంటూ క్లబ్బు పోటీలకు ఫోటోలు పంపుతుంటాను. ఈ రివ్యూలో టీచరమ్మ బుద్ధి కొంచెం బయటపడుతుంది, సర్దుకోండి.

ఒక ఫోటోలోని మనిషిని, ఇంకో ఫోటోలోని వీధిని, మూడో ఫోటోలోని ఆకాశాన్ని కలిపి ఒకే దృశ్యంగా చేస్తే అది కాంపోజిట్. చేయడం కష్టం కాదు, నమ్మించడమే కష్టం. పోటీలో జడ్జి ముందు ఒక్కో ఫోటో తెర మీద ఉండేది కొన్ని సెకన్లే. ఆ కాసేపట్లో ‘ఏదో తేడాగా ఉందే’ అనిపిస్తే మార్కులు పోయినట్టే. తేడా ఎక్కడుందో చెప్పమంటే చాలామంది జడ్జీలు కూడా వెంటనే చెప్పలేరు. శనివారం క్లాసు అంతా ఆ తేడా ఎక్కడ పుడుతుందో వెతకడమే.

మొదలుపెట్టడం పాత ఫోటోతో పెట్టారు. హెన్రీ పీచ్ రాబిన్సన్ 1858లో చేసిన ‘ఫేడింగ్ అవే’. చావుబతుకుల్లో ఉన్న అమ్మాయి, చుట్టూ ఇంటివాళ్ళు. ఐదు నెగెటివ్‌లు కలిపి వేసిన ప్రింటు అది. “అతుకు ఎక్కడుందో చూపించండి” అన్నారు సార్. పన్నెండు మందిమి కళ్ళు చికిలించి చూశాం, ఒక్కరమూ సరిగ్గా చెప్పలేకపోయాం. చరిత్ర అక్కడితో ఆపేసి పనిలోకి దిగారు. ఈ పద్ధతి నాకు నచ్చింది.

అసలు సరుకు కెమెరా ఎత్తు గురించి చెప్పిన గంటలో ఉంది. కె.ఆర్. మార్కెట్‌లో పూల అంగళ్ళను పై అంతస్తు నుంచి కిందికి చూస్తూ తీసిన ఫోటో బెంగళూరులో ప్రతి క్లబ్బు మెంబరు దగ్గరా ఉంటుంది. అందులో గంపల్లోని బంతిపూలు కనిపిస్తాయి, మనుషుల నడినెత్తులు కనిపిస్తాయి. ఇప్పుడు స్టూడియోలో కంటి ఎత్తు నుంచి తీసిన ఒక పూలమ్మే ఆవిణ్ణి తెచ్చి ఆ గంపల మధ్య నిలబెట్టండి. ఎంత శుభ్రంగా కత్తిరించినా, రంగు ఎంత కలిపినా ఆవిడ అక్కడ నిలబడదు. చుట్టూ ఉన్నవాళ్ళ పాపిట కనిపిస్తుంటే ఆవిడ ముఖం మాత్రం ఎదురుగా కనిపిస్తుంది. దీన్ని ఫోటోషాప్‌లో ఏ బటనూ సరిచేయలేదు.

సార్ చెప్పిన సూత్రం చిన్నది. చదునైన నేల మీద కెమెరా ఐదడుగుల ఎత్తులో ఉంటే, ఫోటోలో దగ్గరున్న మనిషికైనా దూరంగా ఉన్న మనిషికైనా హొరైజన్ గీత (నేల, ఆకాశం కలిసినట్టు కనిపించే గీత) నేల నుంచి ఐదో అడుగు దగ్గరే తగలాలి. అతికించిన మనిషికి ఆ గీత మోకాళ్ళ దగ్గర తగిలిందంటే ఆ మనిషి రాక్షసుడైనా అయి ఉండాలి, గుట్టెక్కైనా ఉండాలి. తర్వాత ఇంటికొచ్చి మా క్లబ్బు పాత ఎంట్రీలకు గీత గీసి చూస్తే చాలా మంది రాక్షసులు బయటపడ్డారు.

అందుకే వీళ్ళు ముందు బ్యాక్‌గ్రౌండ్ తీయిస్తారు, మనిషిని తర్వాతే. తెల్లవారకముందే మార్కెట్‌కు తీసుకెళ్ళి, కెమెరా ఎంత ఎత్తులో ఉంది, ఎంత కిందికి వంచాం, ఏ లెన్స్, వెలుగు ఎటునుంచి, టైమెంత అన్నీ కాగితం మీద రాయించారు. తిరిగొచ్చాక స్టూడియోలో మోడల్‌ను ఆ కాగితం ప్రకారమే తీశాం. కెమెరా నిచ్చెన ఎక్కింది, లైటు ఎడమవైపు వెనక్కి జరిగింది. పర్‌స్పెక్టివ్‌ను, అంటే దగ్గరవీ దూరంవీ ఒకదానితో ఒకటి పోలిస్తే ఎంత పెద్దగా కనిపిస్తాయో ఆ తీరును, మార్చేది లెన్స్ అన్నట్టు సార్ మాట్లాడారు. నిజానికి మార్చేది మనిషికీ కెమెరాకీ ఉన్న దూరం. చెయ్యెత్తబోయి ఆగాను, ఆయన క్లాసు కదా.

నీడల పాఠం కూడా బాగుంది, కానీ ‘ఇలా చెయ్యండి’ అన్నారే తప్ప ‘ఎందుకు’ అనేది చెప్పలేదు. ఆ లోటు నేను పూడుస్తాను. పాదం దగ్గర నీడ అంచు పదునుగా ఉండాలి, తల నీడ దగ్గరికి వచ్చేసరికి మెత్తబడాలి అన్నారు. సూర్యుడు మనకు చుక్కలా కాక అర డిగ్రీ వెడల్పున్న బిళ్ళగా కనిపిస్తాడు, అదీ కారణం. దాని వల్ల నీడ పడేచోటు అడ్డుగా ఉన్న వస్తువు నుంచి మీటరు దూరం పోయేకొద్దీ అంచు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున చెదురుతుంది. నీడ మొత్తాన్నీ ఒకే బ్లర్‌తో కొట్టేస్తే కన్ను పట్టేసేది అందుకే. పైగా ఆరుబయట నీడ వట్టి నలుపు కాదు. అక్కడ ఎండ పడకపోయినా ఆకాశపు వెలుగు పడుతుంది, కాబట్టి కొంచెం నీలం ఉండాలి. నల్ల రంగు బ్రష్‌తో వేసిన నీడ మసిలా కనిపిస్తుంది.

నీడ పొడవు గురించి అసలు మాట్లాడనే లేదు. బెంగళూరు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది. ఏటా ఏప్రిల్ 24, ఆగస్టు 18 ప్రాంతాల్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిలువు కర్రకు నీడే పడదు. డిసెంబరులో కూడా మధ్యాహ్నం 53 డిగ్రీలకు తగ్గడు, అంటే నీడ మనిషి ఎత్తులో ముప్పాతిక వంతు దాటదు. మా క్లబ్బులో ఒకాయన విధానసౌధ ముందు మధ్యాహ్నం ఎండలో ఒక ముసలాయన్ని నిలబెట్టి, అందం కోసం రెండింతల నీడ లాగారు. రెండింతల నీడంటే సూర్యుడు 27 డిగ్రీల దగ్గర ఉన్నట్టు. వెనక భవనం మీద చూరు నీడలేమో మధ్యాహ్నం అంటున్నాయి, ముసలాయన నీడ పొద్దున ఎనిమిది అంటోంది. జడ్జి లెక్క వేయడు, నిజమే. కానీ ఆ ఫోటోకు ప్రైజు రాలేదు.

అసిస్టెంటు కుర్రాడి గురించి చెప్పాలి. కోలారు వైపు అబ్బాయి, ఇంట్లో తెలుగే. సార్ కన్నడ, ఇంగ్లిష్ కలిపి చెప్పుకుంటూ పోతుంటే, వెనకబడినవాళ్ళ పక్కన కూర్చుని ఓపికగా సర్దేవాడు. నా లేయర్లు (ఫోటోషాప్‌లో ఒకదానిమీద ఒకటి పేర్చే పొరలు) చూసి “అమ్మా, చెప్పు కింద ఏమీ లేదు, గాల్లో ఉండాడు మనిషి” అన్నాడు. చెప్పుకూ నేలకూ మధ్య సన్నగా, గట్టిగా ఉండే ముదురు నీడ ఒకటి ఉంటుంది, పెద్ద నీడకు అది వేరు. దాన్ని చిన్న బ్రష్‌తో వేరే లేయర్‌లో వేయించాడు. ఆ గీత పడగానే మనిషి నేల మీదికి దిగాడు. “బాగా చెప్పినావు నాయనా” అంటే సిగ్గుపడి పక్క టేబులుకు పోయాడు.

మోడల్ వెనక పచ్చ గుడ్డ కాకుండా బూడిద రంగు గుడ్డ కట్టారు. మంచి పని. పచ్చ గుడ్డ వెలుగు పంచె అంచులకూ చెంపలకూ అంటుకుని తర్వాత ప్రాణం తీస్తుంది. బూడిద రంగయితే, అందులోనూ చివరి బ్యాక్‌గ్రౌండ్ ఎంత ముదురో అంత ముదురు గుడ్డయితే, జుట్టు చుట్టూ మిగిలే సన్నని అంచు పెద్దగా బయటపడదు. పోటీల్లో కాంపోజిట్‌లను మొదట పట్టించేది ఆ తెల్లటి అంచే.

ఫోటోషాప్ పనిలో రెండు విషయాలు నా చేతికి పట్టుబడ్డాయి. ఒకటి, అన్నిటికన్నా పైన బ్లాక్ అండ్ వైట్ లేయర్ ఒకటి పెట్టి, రంగు తీసేసి వెలుగును మాత్రమే పోల్చడం. దాంతోపాటు ఎరుపు, పచ్చ, నీలం చానెళ్ళను విడివిడిగా తెరిచి నలుపు ఎక్కడ మొదలవుతుందో చూడటం. మార్కెట్ చివర పొగలో ఉన్న లారీ టైరు కూడా నిజంగా నలుపు కాదు, నీలి చానెల్‌లో లేత బూడిదగా ఉంటుంది. దాని పక్కన నిలబెట్టిన మనిషి జుట్టు కాటుకలా ఉంటే అతికించారని తెలిసిపోతుంది. కర్వ్స్‌లో (వెలుగునీడల్ని సర్దే ఫోటోషాప్ గీత) కింది కొసను కొద్దిగా పైకి లాగితే సరిపోతుంది. రెండోది గ్రెయిన్, అంటే ఫోటో మీద కనిపించే సన్నని గరుకు చుక్కలు. ఐఎస్‌ఓ అనే అంకె పెంచితే చీకట్లోనూ ఫోటో వస్తుంది, కానీ ఈ చుక్కలు (నాయిస్) పెరుగుతాయి. చీకట్లో మార్కెట్‌ను 3200 ఐఎస్‌ఓలో తీశాం, స్టూడియోలో మోడల్‌ను 100లో. బ్యాక్‌గ్రౌండ్‌లో నాయిస్ కొంత తగ్గించి, అన్నిటిమీదా సగం బూడిద లేయర్ ఓవర్‌లేలో వేసి, దానికి నాయిస్ కలిపితే మనిషి మీదా బ్యాక్‌గ్రౌండ్ మీదా ఒకే గ్రెయిన్ కూర్చుంటుంది. చివర్లో ఫోటోను అద్దంలోలా తిప్పి చూడమన్నారు. అలవాటుపడ్డ కన్నుకు తప్పులు మళ్ళీ కనిపిస్తాయి, నిజమే.

ఆదివారం పొద్దున మాస్కులు, అంటే మోడల్ జుట్టును బ్యాక్‌గ్రౌండ్ నుంచి విడదీసే పని. సాదాసీదాగా గడిచింది.

మధ్యాహ్నం నుంచి మాత్రం నాకు ఒళ్ళు మండింది. 2020లో ఫోటోషాప్‌లోకి వచ్చిన స్కై రీప్లేస్‌మెంట్ తెరిచి, అందులో ముందే ఉన్న ఆకాశాలు ఒక్కొక్కటీ వేసి చూపించారు. ఆ తర్వాత 2023లో వచ్చిన జెనరేటివ్ ఫిల్‌తో ఖాళీ చోట్లలో ఆవుల్నీ ఆటోల్నీ పుట్టించారు. చూడ్డానికి సరదాగానే ఉంది. కానీ ఈ క్లాసు ప్రకటనలో ‘పోటీల కోసం’ అని వేశారు కదా! ఫియాప్ (అంతర్జాతీయ ఫోటో కళా సమాఖ్య), పీఎస్‌ఏ (ఫోటోగ్రాఫిక్ సొసైటీ ఆఫ్ అమెరికా) పద్ధతిలో జరిగే పోటీల్లో ఓపెన్ విభాగానికి కాంపోజిట్ పంపొచ్చు, అయితే అందులోని ప్రతి ముక్కా మనం తీసిన ఫోటోయే అయి ఉండాలి. కంపెనీ ఇచ్చిన ఆకాశం పనికిరాదు, మెషీన్ పుట్టించిన ఆవు అసలే పనికిరాదు. నేచర్ విభాగానికైతే మన సొంత ముక్కలతో చేసినా కాంపోజిట్ కుదరదు. స్కై రీప్లేస్‌మెంట్‌లో మన సొంత ఆకాశాలు ఎక్కించుకోవచ్చు. ఆ సంగతి ఒక్క ముక్క చెప్పి ఉంటే సగం కోపం తగ్గేది.

అడిగాను. “ఎవరు చూస్తారు మేడమ్?” అని నవ్వేశారు సార్. నిర్వాహకులకు అనుమానమొస్తే రా ఫైళ్ళు (కెమెరా నుంచి నేరుగా వచ్చే అసలు ఫైళ్ళు) పంపమంటారు. ఆవు రా ఫైలు ఎక్కణ్ణుంచి తేవాలి? శనివారం అంత నిష్ఠగా కెమెరా ఎత్తు కొలిపించిన మనిషి ఆదివారం ఇలా అనడం నాకు మింగుడుపడలేదు. పక్కన కొత్తగా క్లబ్బులో చేరిన ఇద్దరు పిల్లలు ఇదంతా శ్రద్ధగా రాసుకుంటున్నారు. టీ బ్రేకులో వాళ్ళకు రూల్సు నేనే చెప్పాను.

ఇక వసతులు. ప్రొజెక్టర్‌లో పచ్చ ఛాయ ఎక్కువ. నలుపులు కలిశాయో లేదో దానిమీద చూసి ఎవరూ చెప్పలేరు, మీ ల్యాప్‌టాప్ ముందు మీరు కూర్చోండి. లేయర్లు పెరిగితే ఎనిమిది జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ మొరాయిస్తుంది, పదహారుంటే మంచిది. మధ్యాహ్నం బిసిబేళెబాత్ పెట్టారు, దానికి వంక లేదు. కారు తేకండి, పార్కింగ్ లేదు. గ్రీన్ లైన్‌లో జయనగర్ స్టేషన్ దగ్గర దిగితే ఆటో కూడా అక్కర్లేదు. అయితే మార్కెట్‌కు వెళ్ళే పొద్దున మాత్రం అంత తొందరగా మెట్రో ఉండదు, క్యాబ్ ముందే బుక్ చేసుకోండి.

శనివారం ఒక్కరోజుకు చేరతామంటే అడిగినవాళ్ళకు నాలుగు వేలకు ఇస్తున్నారని అసిస్టెంటు చెప్పాడు, ప్రకటనలో ఆ మాట ఉండదు. ఇంకో సంగతి, క్లాసులో సార్ చేసి చూపించిన ఫోటో తర్వాత మెయిల్‌లో పంపుతారు, కానీ మామూలుగా జేపెగ్ (లేయర్లన్నీ కలిసిపోయిన మామూలు ఫోటో ఫైలు) మాత్రమే. దానివల్ల ఉపయోగం లేదు. లేయర్లన్నీ ఉన్న ఫైలు కావాలని ఫీజు కట్టేటప్పుడే చెప్పి రాయించుకోండి.